పద్నాలుగో ప్రశ్న

తను దిద్దింది తప్పేమోనన్న అనుమానం ఫ్రెంచి మేడమ్‌కి పంతొమ్మిదేళ్ళుగా ఉంది. అంత పెద్ద అనుమానమేమీ కాదు, ఒక్క మార్కుకి సంబంధించింది. పనిలో పడితే గుర్తుండదు. కూరగాయలు తరుగుతున్నప్పుడో, బస్సు కోసం నిలబడినప్పుడో వస్తుంది.

అప్పుడొక రోజు తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి జవాబు కాగితం పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చింది. "మేడమ్, దీనికి బతకడం అనే అర్థం కూడా ఉంది కదా?" అని అడిగింది.

"మనం చదువుతున్న పాఠం పేరేమిటి?"

"పాసే సాంప్ల్ మేడమ్."

"మరింకేం? అది భూతకాలం. వెళ్ళి కూర్చో."

పిల్ల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టుకుని వెళ్ళి కూర్చుంది. ఆ మడతలు మేడమ్‌కి ఇప్పటికీ గుర్తే. పిల్ల మొహం గుర్తులేదు. పేరు అసలే గుర్తులేదు. ఆ రోజుల్లో ఆవిడ పిల్లల్ని హాజరు నంబర్లతో పిలిచేది. ఇరవై రెండు, అంతే.

తెలిసి చేసిన తప్పులూ తెలియక చేసిన తప్పులూ క్షమించమని ఆవిడ రోజూ పొద్దున దేవుడి ముందు నిలబడి అడిగేది. ఇది ఆ రెంటిలో దేని కిందికి వస్తుందో తేలక, దీన్ని విడిగా ఎప్పుడూ అడగలేదు. భర్త పోయిన ఈ ఎనిమిది నెలల్లో అయితే ఏదీ అడగడం లేదు. వేళ తప్పకుండా వెళ్ళి నిలబడుతుంది, చేతులు జోడిస్తుంది, వచ్చేస్తుంది. వినేవాడికి తెలియదా తనేం అడగడం లేదో అనుకుంటుంది.

*

పేపర్లు దిద్దే హాలు ఒక పాత బడి పై అంతస్తులో ఉంది. పన్నెండు బల్లలు, మూడు ఫ్యాన్లు. ఫ్యాను కింద కూర్చున్నవాళ్ళకి కాగితాలు ఎగురుతాయి, పక్కన కూర్చున్నవాళ్ళకి చెమటలు పడతాయి. మేడమ్‌కి ఫ్యాను కింద బల్ల వచ్చింది. కిటికీ గట్టు మీద పెంకు ముక్క ఒకటి కనిపిస్తే తెచ్చి కట్ట మీద బరువు పెట్టుకుంది.

కట్టకి ఇరవై అయిదు పేపర్లు. పొద్దున ఒక కట్ట, మధ్యాహ్నం ఒక కట్ట. పేపరు మీద పిల్లల పేరుండదు, కోడు నంబరు ఉంటుంది. దిద్దేవాళ్ళది ఎర్ర కలం, వాళ్ళ పైన తనిఖీ చేసే చీఫ్‌ది ఆకుపచ్చ కలం. దిద్దిన కట్టలు గోడవారన కూర్చున్న కూడికల గుమస్తా దగ్గరికి పోతాయి. ఆయన ప్రతి ప్రశ్న పక్కనా అంకె ఉందో లేదో వేలితో చూసుకుంటూ మళ్ళీ కూడతాడు. పాఠం ఏమిటో ఆయనకి తెలియదు, అక్కర్లేదు కూడా.

చీఫ్ వయసులో చిన్నది, ముప్పై మూడో ముప్పై నాలుగో ఉంటాయి. జవాబుల కీ పంచుతూ మేడమ్ బల్ల దగ్గర ఆగింది.

"నమస్కారం మేడమ్. నన్ను గుర్తుపట్టలేదు కదా? నేను మీ దగ్గర చదువుకున్నాను."

"అలాగా," అంది మేడమ్. చదువుకున్నవాళ్ళు వేలమంది.

"పాసే సాంప్ల్ మీ దగ్గర నేర్చుకున్నదే. ఇప్పటికీ మా పిల్లలకి మీ పేరు చెప్పి మరీ నేర్పుతాను."

పక్క బల్ల మాస్టారు తలెత్తాడు. ఆయన ఎక్కడికి వెళ్ళినా లావుపాటి నిఘంటువుని గుడ్డసంచీలో వేసుకుని వెళ్తాడు, అందుకని హాల్లో అందరూ ఆయన్ని నిఘంటువు మాస్టారనే అంటారు. "అదీ సంగతి! చీఫ్ గారు అరమార్కు కూడా వదలరేమిటా అని నాలుగేళ్ళుగా ఏడుస్తున్నాం. ఈ పాపం మీదన్నమాట మేడమ్ గారూ!"

చీఫ్ నవ్వింది. మేడమ్ కూడా నవ్వాల్సిన చోట నవ్వి కలం మూత తీసింది.

పని బాగానే సాగింది. ఎనిమిది నెలలుగా ఏ పనైనా చేతులే చేసుకుపోతున్నాయి, తను పక్కన నిలబడి చూస్తున్నట్టుంటుంది. మొదటి పేజీలో క్రియల పట్టికలు. నేను చూశాను, నువ్వు చూశావు, అతను చూశాడు. ఒకే జవాబు ఇరవై అయిదుసార్లు. ఎవరూ నోటితో మాట్లాడని కాలం అది, పుస్తకాల్లోనే ఉంటుంది. అయిపోయిన పని, ఇవాళ్టితో సంబంధం తెగిపోయిన పని. ఇన్నేళ్ళూ పిల్లలకి అలాగే చెప్పింది. ఆయన బస్సు డిపోలో టైమ్ కీపరు. అన్నం తింటూ ఏడిపించేవారు, "నా కాలం అయిదు నిమిషాలు ఆలస్యమైతే ఊరంతా అరుస్తుంది. నీ కాలం బస్సు ఖాళీగా వచ్చి ఖాళీగా పోతుంది. ఒక్కడూ ఎక్కడేమే?" అని.

చచ్చిపోవడం అనే క్రియకి కూడా పట్టికలో ఆరు గళ్ళూ నిండి ఉంటాయి. మొదటి గడి 'నేను చచ్చిపోయాను'. దాన్ని ఎవరు, ఎవరితో చెప్పాలి మేడమ్ అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు, తరగతంతా నవ్వుతుంది. ఈ ఏడు కూడా నవ్వారు. ఆవిడ నవ్వు ఆగేదాకా నిలబడి రెండో గడి నింపింది.

రెండో పేజీలో పద్నాలుగో ప్రశ్న. 'మన భాషలోకి మార్చండి: జ వి అన్ గ్రాన్ మలర్.' ఒక మార్కు. కీలో జవాబు, 'నేను ఒక పెద్ద కష్టాన్ని చూశాను.'

ఏడో పేపరులో ఒక పిల్లో పిల్లాడో ఎడమకి వాలిన అక్షరాలతో, 'నేను ఒక పెద్ద కష్టంలో బతుకుతున్నాను' అని రాశారు. చెయ్యి ఎర్రగీత గీసి, సున్నా చుట్టి, పదిహేనో ప్రశ్నకి పోయింది. అక్కడ ఆగింది.

మేడమ్ ఆ సున్నా వైపు చూసింది. పంతొమ్మిదేళ్ళ కిందటి అదే వాక్యం. పాత పాఠ్యపుస్తకంలోది ఎవరో ఎత్తి మళ్ళీ పెట్టారు. 'జ వి' అంటే నేను చూశాను, పాసే సాంప్ల్‌లో అయితే. 'జ వి' అంటే నేను బతుకుతున్నాను, వర్తమానంలో అయితే. రెండు వేరువేరు క్రియలు, అక్షరం తేడా లేదు. ఆ ప్రశ్న పైన ఏ కాలమో రాసి లేదు.

మిగతా ప్రశ్నలు దిద్ది, పేపరు చివర కూడింది. ముప్పై నాలుగు. పాస్ కావడానికి ముప్పై అయిదు కావాలి.

సాయంత్రానికి అలాంటి సున్నాలు పదకొండు చుట్టింది.

*

ఇంట్లో ఆడపడుచు ఉంటోంది. అన్న పోయినప్పుడు పది రోజులని వచ్చి, పెట్టె ఇంకా మంచం కిందనుంచి తియ్యలేదు. వెళ్తానని అనదు, వెళ్ళమని మేడమ్ అనదు.

"తిన్నావా వదినా?"

"తిన్నాను."

"ఏం తిన్నావు?"

మేడమ్ ఆలోచించింది. "డబ్బాలో పెట్టావు కదా, అదే."

"డబ్బా ఇక్కడే మర్చిపోయి వెళ్ళావు," అంది ఆడపడుచు, డబ్బా బల్ల మీద పెట్టి. "బాగుంది. మా అన్నయ్యా ఇంతే. అబద్ధం చెప్పడం రాదు, చెప్పకుండా ఉండడమూ రాదు."

ఆడపడుచు ఎప్పుడూ అలాగే మాట్లాడుతుంది. అన్నయ్యకి చల్లారితే నచ్చదు, అన్నయ్య ఇంతే. గడిచిపోయినట్టు ఒక్కసారీ అనదు. మేడమ్ మొదట్లో మనసులోనే దిద్దుకునేది, తర్వాత మానేసింది. చేతులు కడుక్కుని తినడానికి కూర్చుంది.

*

రెండో రోజు టీ వేళకి మేడమ్ కీ కాగితం పట్టుకుని చీఫ్ బల్ల దగ్గరికి వెళ్ళింది. మాటలు ముందే కూర్చుకుంది.

"పద్నాలుగో ప్రశ్నకి బతుకుతున్నాను అని రాసినా మార్కు ఇవ్వాలేమో."

చీఫ్ ఆకుపచ్చ కలం పక్కన పెట్టింది. "కీలో లేదు కదా మేడమ్."

"వ్యాకరణం ప్రకారం తప్పు కాదు. నా దగ్గర ఒక పేపరు ఉంది. ఆ ఒక్క మార్కుతో పాస్."

"నా చేతికి వచ్చినవాటిలోనూ అలాంటివి మూడున్నాయి. జాలిపడితే ఎలా మేడమ్? ఈ పాఠం ఏమిటి? పాసే సాంప్ల్. పాఠంలోంచి అడిగినప్పుడు పాఠంలోంచే రాయాలి." ఆ అమ్మాయి గొంతులో చిరాకు లేదు. ఎంతో గౌరవంగా, అప్పజెబుతున్నట్టు అంది. "ఇది మీరే నేర్పారు. తొమ్మిదో తరగతిలో ఇదే వాక్యానికి నేను బతుకుతున్నాను అనే రాశాను. మీరు కొట్టేశారు. నేను మీ బల్ల దగ్గరికి వచ్చి అడిగాను కూడా. మీకు గుర్తుండదులెండి."

మేడమ్ నిలబడే ఉంది. చేతిలో కీ కాగితం ఫ్యాను గాలికి టపటప కొట్టుకుంటోంది.

"ఆ ఒక్క మార్కుకే రెండోదాన్నయ్యాను," చీఫ్ నవ్వుతూ అంది. "మొదటి బహుమతి నిఘంటువు ఆ యేడు. పోతే పోయింది, బుద్ధి వచ్చింది. ఆ తర్వాత ఇంకెప్పుడూ రెండోదాన్ని కాలేదు."

"ఎందుకలా రాశావు?" అని అడిగింది మేడమ్. మీరు అనడం మర్చిపోయింది.

"ఏమిటి?"

"చూశాను అని నీకు తెలుసు కదా. పట్టికలు వచ్చు. ఎందుకు బతుకుతున్నాను అని రాశావు?"

చీఫ్ కాసేపు కలం మూత తిప్పింది. "ఆ వారమే మమ్మల్ని ఇంట్లోంచి ఖాళీ చేయించారు మేడమ్. మంచాలు, గిన్నెలు అన్నీ వీధిలో పెట్టారు. ఎదురింటివాళ్ళ అరుగు మీద కూర్చుని చదువుకుని వచ్చాను. ఆ వాక్యం చూడగానే రెండో అర్థం తట్టలేదు. అంతే." కట్ట దగ్గరికి లాక్కుంది. "మీరు గీత గీశాక తెలిసింది. పాఠంలో ఉన్నది రాయాలి, ఇంట్లో ఉన్నది రాయకూడదు అని. మంచిదే నేర్చుకున్నాను మేడమ్. టీ చల్లారిపోతోంది, తాగండి."

మేడమ్ తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు. ఈ ఎనిమిది నెలల్లో రానిది ఇప్పుడెందుకు వస్తుంది?

"ఏమన్నారు?" అని మాస్టారు గుసగుసగా అడిగాడు.

"పాఠంలో ఉన్నదే రాయాలంట."

"మరి మన భాషలో కష్టాలు చూసిన మనిషి అంటే కష్టాల్లో బతికిన మనిషనే కదండీ? కష్టాన్ని కిటికీలోంచి చూస్తామా?" అన్నాడాయన. తర్వాత తన కట్టలో తను సున్నా చుట్టుకున్నాడు. చీఫ్‌తో తగువు పెట్టుకునే వయసు దాటిపోయిందని ఆయనే చెప్పుకుంటాడు.

మధ్యాహ్నం కట్టలో పద్నాలుగో ప్రశ్నకి 'బతుకుతున్నాను' అని వచ్చినప్పుడల్లా మేడమ్ కలం ఆపింది. గీత గీయలేదు, మార్కూ వేయలేదు. పదిహేనుకి పోయింది.

*

ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతుండగా ఫోను మోగింది. ఆడపడుచు చేతులు తడిగా ఉన్నాయి, అందుకని మేడమే తీసింది.

"సార్ ఉన్నారాండీ?" అన్నాడు అవతలి మనిషి. గడియారాల కొట్టతను. సార్ ఎప్పుడో ఇచ్చిన వాచీ, దానికి కావలసిన ముక్క దొరక్క ఆలస్యమైందట. ఇవాళే కుదిరింది, బాగా నడుస్తోంది.

"ఉన్నారు," అంది మేడమ్.

"అయితే రేపు ఒకసారి రమ్మనండి."

"చెప్తాను," అని ఫోను పెట్టేసింది.

ఆడపడుచు వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. "ఎవరు? ఏమన్నావు వదినా ఇప్పుడు?"

"సార్ ఉన్నారా అన్నాడు. ఉన్నారు అన్నాను."

మేడమ్ కుర్చీలో కూర్చుని ఆ మాటనే నెమ్మదిగా మళ్ళీ అంది, పిల్లల చేత చెప్పించినట్టు. "ఇప్పుడు ఇంట్లో ఉన్నారు. నిన్న ఇంట్లో ఉన్నారు. ముప్పై ఒక్క సంవత్సరాలు నాతో ఉన్నారు. మాట మారలేదు చూశావా? నేను చెప్పింది తప్పు కాదే. ఎప్పుడు అని అతను అడగలేదు."

"తప్పని నేనన్నానా?" అంది ఆడపడుచు. తడి చెయ్యి తన చీరకే తుడుచుకుని, వచ్చి పక్కన కూర్చుంది. "నేనూ వస్తా గడియారాల కొట్టుకి. ఇద్దరం వెళ్దాం."

*

మూడో రోజు పొద్దున్నే కూడికల గుమస్తా కట్ట చంకలో పెట్టుకుని లేచి వచ్చాడు.

"పద్నాలుగుకి అంకె లేదమ్మా. సున్నా లేదు, ఒకటి లేదు, గీతా లేదు. తొమ్మిది పేపర్లలో ఖాళీ. నేను దేన్ని కూడాలి?"

"ఖాళీగా ఉండనివ్వండి."

"ఖాళీని కూడడం నాకు రాదమ్మా," అని ఆయన కట్టని తిన్నగా చీఫ్ బల్ల మీద పెట్టాడు.

చీఫ్ పిలిచింది. హాల్లో కలాల చప్పుడు తగ్గింది. "మేడమ్, మీరే ఇలా చేస్తే మిగతావాళ్ళకి నేనేం చెప్పాలి?"

మేడమ్ గోడనున్న నల్లబల్ల దగ్గరికి వెళ్ళింది. సుద్దముక్క వెతికి, 'నాన్న ఇంట్లో ఉన్నాడు' అని రాసింది. ముప్పై ఏళ్ళ అలవాటు కదా, అక్షరాలు గీత గీసినట్టు వచ్చాయి.

"ఇది ఏ కాలం?"

చీఫ్ నల్లబల్లవైపు చూసింది. "వర్తమానం." అంతలోనే, "భూతకాలం కూడా కావచ్చు. నిన్న నేను వెళ్ళేసరికి నాన్న ఇంట్లో ఉన్నాడు అంటాం కదా. ఎప్పుడో చెప్పకుండా ఒకటే అని ఎలా చెప్తాం మేడమ్?"

అని ఆగిపోయింది. మాస్టారు సంచీలోంచి నిఘంటువు సగం తీసి, అక్కర్లేదని మళ్ళీ లోపల పెట్టేశాడు.

మేడమ్ దాని కింద రెండు క్రియల పట్టికలూ పక్కపక్కన వేసింది. చూశాను, బతుకుతున్నాను. మొదటి మూడు గళ్ళూ ఒకేలా ఉన్నాయి. నేను, నువ్వు, అతను. నాలుగో గడి 'మేము' దగ్గరికి వచ్చేసరికి ఒకవైపు 'వీమ్', ఇంకోవైపు 'వివోన్' అయ్యాయి.

"మేము అన్నప్పుడు తికమక లేదు," అంది. "ఒక్కరే ఉన్నప్పుడే." అక్కడ సుద్దముక్క కాసేపు ఆగింది. తర్వాత దాన్ని గట్టు మీద పెట్టి వెనక్కి తిరిగింది.

"ఆ రోజు నువ్వు రాసింది తప్పు కాదు. నువ్వు అడిగినప్పుడే నాకు అనుమానం వచ్చింది. వెతికి చూస్తే అయిదు నిమిషాల్లో తేలేది. తరగతి ముందు నేను తప్పు దిద్దానని ఒప్పుకోవాల్సి వస్తుందని వెతకలేదు. నేను నీకు నేర్పిన నియమం ఏమీ లేదమ్మా. అది నా బద్ధకం, కాస్త పొగరు. దాన్ని నియమం అనుకుని నువ్వు ఇంతదూరం మోసుకొచ్చావు."

చీఫ్ కుర్చీలో వెనక్కి ఆనింది. "అంటే ఇన్నేళ్ళు నేను కొట్టేసినవన్నీ?" అంది, ఎవరినీ అడగనట్టు.

మేడమ్ చేతులకంటిన సుద్ద దులుపుకుంది.

చీఫ్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. కింద బడి ఆవరణలో ఎవరో ఊడుస్తున్నారు, చీపురు చప్పుడు పైకి వినిపిస్తోంది. తిరిగి వచ్చి సొరుగులోంచి అభ్యంతరాల పుస్తకం తీసింది. కీ మార్చాలంటే అందులో రాసి సంతకాలు పెట్టాలి. రెండు రోజులుగా దిద్దిన కట్టలన్నీ విప్పాలి.

"అందరూ వినండి," అంది. "పద్నాలుగుకి రెండు జవాబులూ సరైనవే. కట్టలు వెనక్కి వస్తాయి."

"చచ్చాం," అన్నాడు ఎవరో వెనక నుంచి. మాస్టారు మాత్రం అప్పటికే తన కట్ట దారం విప్పుతున్నాడు. "అది భూతకాలమా, వర్తమానమా? ముందది తేల్చండి," అన్నాడు ఆ గొంతు వైపు తిరిగి. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

చీఫ్ పుస్తకం మేడమ్ వైపు తిప్పింది. "మీరే నింపండి."

ప్రశ్న సంఖ్య గడిలో పద్నాలుగు అని రాసింది మేడమ్. అభ్యంతరం గడిలో రెండు వాక్యాలు రాసింది. చివరి గడి 'ఎత్తి చూపినవారు'. అక్కడ తన పేరు రాయాలి. కలం ఎత్తి, కాస్త ఆలోచించి, 'తొమ్మిదో తరగతి, ఇరవై రెండో నంబరు' అని రాసి, పక్కన పంతొమ్మిదేళ్ళ కిందటి సంవత్సరం వేసింది.

చీఫ్ సంతకం పెట్టడానికి వంగి చదివింది. చాలాసేపు చదివింది, అంత రాత అక్కడ లేదు.

"ఇరవై రెండు కాదు మేడమ్," అంది. "ఇరవై రెండు నా ముందు కూర్చునేది. నేను ఇరవై మూడు."

మేడమ్ ఎర్ర కలంతో ఆ అంకె మీద గీత గీసింది. కొట్టివేత పక్కన పొడి సంతకం పెట్టాలని నియమం, పెట్టింది. పైన దిద్దుతూ, అలవాటుగా, పైకే అంది.

"ఇరవై మూడు."

"ప్రెజెంట్ మేడమ్," అంది చీఫ్. తల ఎత్తలేదు. ఆకుపచ్చ కలం సంతకం సగంలో ఉంది.

మేడమ్ తన బల్ల దగ్గరికి వెళ్ళి, పెంకు ముక్క తీసి పక్కన పెట్టి, వెనక్కి వచ్చిన మొదటి రోజు కట్ట విప్పింది. ఏడో పేపరు. ఎడమకి వాలిన అక్షరాలు. సున్నాని అడ్డంగా కొట్టి, పక్కన ఒకటి వేసింది.